దడి దగ్గరి గంప

తలలు లెక్కపెట్టడం

వార్డెన్ ఉద్యోగం అంటే అసలు ఏం చేయాలి మేడం అని, కొత్తగా చేరిన ఒకమ్మాయి మొన్నామధ్య ఫోన్ చేసి అడిగింది. తలలు లెక్కపెట్టాలమ్మా అన్నాను. నవ్వింది. హాస్యమాడుతున్నాననుకుంది పాపం. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. "మేడం, నూట నలభై మంది ఉండాలి. మూడుసార్లు లెక్కపెడితే మూడు రకాలుగా వస్తోంది." ఏడుపొక్కటే తక్కువ. "ఎవరో ఒక పిల్ల కుదురుగా నిలబడటం లేదు. అదెవరో కనుక్కో. ఇక నీ ఉద్యోగమంతా ఆ పిల్లతోనే" అన్నాను.

ఈ కాగితాలు ఆ అమ్మాయి కోసం, ఆమెలాగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం. నాకు ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయింది, ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ రాయను. పప్పెంత, నూనెంత అన్నది రిజిస్టర్లే నేర్పుతాయి. అవి నేర్పనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నేను తప్పు చేసి తెలుసుకున్నవే కాబట్టి, చదివేటప్పుడు నన్ను నాలుగు తిట్టుకున్నా ఏమీ అనుకోను.

నాది మధిర వైపు ఊరు. దుమ్ముగూడెం మండలంలో, అడవి అంచున ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్లు వార్డెన్‌గా చేశాను. పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుకునే సర్కారు బడి అది. నా సొంత పిల్లలిద్దరినీ మా అత్తగారు పెంచారు. నేను ఊరివాళ్ల పిల్లల్ని పెంచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు వెనకాల నన్ను మిరపకాయ మేడం అనేవారని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు.

కుసుమంచిలో మొదటి తప్పు

సర్కారు ఉద్యోగం రాకముందు కుసుమంచిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండేళ్లు పాఠాలు చెప్పాను. కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్న రైతు ఒకాయన తన కూతుర్ని తీసుకొచ్చాడు. "ఈ పిల్ల కుదురుగా కూర్చోదండీ. మిక్సీ విప్పేసింది, గోడ గడియారం విప్పేసింది. కుర్చీకి కట్టేసైనా సరే కూర్చోబెట్టండి, మేమేం అనుకోం" అన్నాడు.

కట్టెయ్యలేదు గానీ దాదాపు అంత పనీ చేశాను. నా కుర్చీ పక్కనే బల్ల వేయించి, ఏడాదంతా నా కళ్లెదుట కూర్చోబెట్టాను. ఆ ఏడాదిలో ఆ పిల్ల నేర్చుకున్న విద్య ఒక్కటే. నా ముఖంలోకి రెప్ప వేయకుండా చూస్తూ, మనసును ఎక్కడికో పంపేయడం. నేనేమో "చూశారా, నా దగ్గర ఎంత శ్రద్ధగా వింటుందో" అని స్టాఫ్‌రూంలో గొప్పలు పోయాను. పరీక్ష పేపరు నా చేతికొచ్చాక మాత్రం వారం రోజులు స్టాఫ్‌రూం మొహం చూడలేదు.

కదిలే పిల్లను కదలకుండా చేయకూడదు అన్న పాఠం అక్కడ నేర్చుకున్నాను. అది సగం పాఠమేనని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

కోతులు, గంట, నాగమణి

నాగమణి మా బడిలో ఆరో తరగతిలో చేరింది. రెండు వాగులు దాటితే వాళ్ల ఊరు. అమ్మానాన్న కూలి పనుల మీద తిరుగుతుంటే అవ్వే పెంచింది. చేరిన రోజు సాయంత్రం లెక్కపెడితే నూట అరవై రెండుకు బదులు నూట అరవై మూడు వచ్చింది. పిల్లలు తగ్గడం చూశాను గానీ పెరగడం అదే మొదటిసారి. వరస మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నిలబడిందట మహాతల్లి. "ఎందుకే?" అంటే, "ఆ కొసకెల్లి ఎట్ల కనబడతదో సూద్దామని పోయిన మేడం" అంది.

చదువు దగ్గర అయిదు నిమిషాలు కూర్చోదు. పెన్సిల్ పట్టుకుంటే పెన్సిల్ చెక్కుతుంది, పుస్తకం పట్టుకుంటే అట్ట ఊడదీసి మళ్లీ కుడుతుంది. కానీ బుర్ర ఉందే, అబ్బో! స్నానాల గదులు ఎనిమిది, పిల్లలు నూట అరవై మంది, తెల్లారితే జుట్లు పట్టుకునేవారు. ఈ పిల్ల రెండు రంగుల సీసా మూతలు ఏరుకొచ్చి, దారాలకు కట్టి ప్రతి తలుపుకూ వేలాడదీసింది. ఎర్ర మూత బయటికి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, పచ్చది ఉంటే ఖాళీ. ఆ రోజు నుంచి తలుపులు బాదే చప్పుడు లేదు.

ఆమె ఏడో తరగతిలో ఉండగా కోతుల మంద ఒకటి మా మీద పడింది. సరిగ్గా మధ్యాహ్నం అన్నం వేళకు దిగేవి. మా వంటమనిషి ఆదెమ్మ గరిట పట్టుకుని వాటి వెంటపడితే, వెనక నుంచి రెండోజట్టు వచ్చి గుడ్లు ఎత్తుకుపోయేది. మూడు రోజులు గమనించి మణి నా దగ్గరికొచ్చింది.

"మేడం, అవి వాసన పట్టి వస్తలేవు. గంట ఇని వస్తున్నయ్."

"అయితే?"

"గంట కొట్టకుంట తిందాం. సప్పుడు చేయకుంట."

చేసి చూద్దాం, పోయేదేముంది అనుకున్నాను. మర్నాడు గంట కొట్టలేదు. నూట అరవై మంది ఆడపిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని, నోటి మీద వేలేసుకుని, మునివేళ్ల మీద నడుచుకుంటూ భోజనాల హాల్లోకి వస్తున్నారు. కంచం చప్పుడు కూడా లేదు. సరిగ్గా అప్పుడే మా డివిజన్ ఆఫీసరు గారి జీపు ఆగింది. ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇట్లాంటి క్రమశిక్షణ నేను చూడలేదు మేడం" అన్నారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

కోతుల సంగతి చెప్పాలా వద్దా? చెప్పలేదు. తల వంచుకుని, వినయంగా "మీ దయ సార్" అన్నాను. ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటగదిలోకి పరిగెత్తింది. పిల్ల తెలివిని నా ఖాతాలో వేసుకోవడం అలా మొదలైంది. ఇక ఆగలేదు.

"మణీ, పోయి మోటారు చూడు"

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా స్టడీ అవర్. వరండాలో పిల్లలంతా వరసలుగా కూర్చుని చదువుకోవాలి, నేను కుర్చీ వేసుకుని చూస్తుండాలి. మణి ఉంటే ఆ వరసలో ఎవరికీ చదువు సాగదు. ఒకదాని జడ విప్పి కొత్త రకంగా అల్లుతుంది, ఇంకోదాని స్కేలుతో తక్కెడ చేస్తుంది. ఓ రోజు విసిగిపోయి "మణీ, పోయి మోటారు చూడు" అన్నాను.

బోరు మోటారు బడి వెనకాల రేకుల గదిలో ఉంటుంది. వెళ్లింది. గంట తర్వాత వచ్చి, "ట్యాంకు నిండింది మేడం, బంద్ చేసిన" అంది. ట్యాంకు ఎక్కి చూడకుండా ఎలా తెలిసిందే అంటే, "మోటారు గొంతు మారుతది గదా" అంది. నాకు ఆశ్చర్యం. అంతకంటే, నిజం చెబుతున్నాను, హాయి. ఆ గంటసేపు వరండాలో ఈగ వాలిన చప్పుడు లేదు. చివర్లో పిల్లలకు ఒక పొడుపుకథ వేసి నవ్వించే తీరిక కూడా దొరికింది.

ఆ తర్వాత రోజూ అదే. మణీ మోటారు చూడు, మణీ బల్బు పోయింది చూడు, మణీ గేటు కిర్రుమంటోంది చూడు. ఖమ్మం నుంచి వైద్య శిబిరానికి వచ్చిన పిల్లల డాక్టరమ్మ ఆమెతో అరగంట మాట్లాడి, "ఇది అల్లరీ కాదు, బద్ధకమూ కాదు. మనసు ఒకచోట నిలవడం ఈ పిల్లకు కష్టం, కొందరు పిల్లల తీరే ఇది. కూర్చోబెట్టి తిట్టకండి, పని ఇవ్వండి, మధ్యమధ్య కదలనివ్వండి" అని చెప్పింది. చూశారా, నేను చేస్తున్నదే డాక్టరమ్మ కూడా చెప్పింది అనుకుని ఉప్పొంగిపోయాను. ఆమె చెప్పిన "మధ్యమధ్య" అన్న మాట నా చెవిలో పడనే లేదు. మూడేళ్లు, ఆ పిల్ల ఒక్క స్టడీ అవర్ కూడా పూర్తిగా కూర్చోలేదు.

లెక్కల సారు నోటి దురుసు

తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక మా లెక్కల సారు మణి పేపరు పట్టుకుని నా గదికి వచ్చాడు. మనిషి మంచివాడు, నోరు మాత్రం నా నోరు లాంటిదే.

"గీ లెక్క చూడుండ్రి మేడం. పుస్తకంల లేని దారిల చేసింది. నాకే పది నిమిషాలు పట్టింది సమజ్ అయ్యేతందుకు."

చూసి మురిసిపోయాను. "మా మణి కదా మరి" అన్నాను.

"ఇప్పుడు కింద చూడుండ్రి."

కింద తెల్ల కాగితం. తర్వాత పేజీ తెల్లది. ఆ తర్వాతది కూడా.

"అరగంట రాసింది, లేసి పోయింది" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి? మీ మోటారు కాడికి. ఇది పాసయ్యే పేపరు కాదు మేడం. వచ్చే ఏడు పది. క్లాసుల గూసుంటే ఎవలో ఒకలు వచ్చి, మణీ మేడం పిలుస్తున్నరు అంటరు. మీరు మంచిగ చూసుకుంట చూసుకుంటనే గా పిల్లను పాడు చేసిండ్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను లేకపోతే ఆ పిల్ల ఏడో తరగతిలోనే బడి మానేసేది సార్!" అని అరిచాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేనన్నది నిజమే. ఆయనన్నదీ నిజమే. మొదటిది ఒప్పుకోవడానికి నాకు క్షణం పట్టలేదు, రెండోది ఒప్పుకోవడానికి మే నెల దాకా పట్టింది.

కొత్తవాళ్లకు ఒక మాట. మీ మీద గట్టిగా అరిచే తోటి ఉద్యోగి దొరికితే వదులుకోకండి. మీ దయ సార్ అనిపించుకునేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు.

అవ్వ గంప

ఎండాకాలం సెలవుల్లో కబురొచ్చింది. మణి ఇక బడికి రాదట. కోయ మాట తెలిసిన ఆదెమ్మను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను, చివరి రెండు మైళ్లు నడిచాను.

తునికాకు కాలం అది. బీడీలకు పోయే ఆకు. చీకటితో అడవికి పోయి కోసుకొచ్చి, ఇంటి దగ్గర కూర్చుని యాభై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేరుస్తారు. నేను వెళ్లేసరికి అవ్వా మనవరాలూ పందిరి కింద ఆకుల కుప్ప ముందు కూర్చుని ఉన్నారు. మణి తలెత్తి నన్ను చూసింది, మళ్లీ తల దించేసింది. ఆ పిల్ల నన్ను చూసి పరిగెత్తుకు రాకపోవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అవ్వ నీళ్లిచ్చింది. ఆదెమ్మ అడ్డం పడి కోయలో ఏదో చెప్పబోతే ఆపి, తెలుగులోనే నాతో సూటిగా మాట్లాడింది.

"మేడం, నా మనవరాలు నీ కాడ నాలుగేండ్లు ఉన్నది. ఏం నేర్సింది? మోటారు ఏసుడు నేర్సింది. గా పని నేర్వనీకి అంత దూరం ఎందుకు? ఏడాది తిరిగితే మిరప ఏరనీకి కూలోల్ల ముఠాతోని పోతది. నాలుగు గింజలన్న వస్తయ్."

మణి వైపు చూస్తూ కూర్చున్నాను. చూస్తూ ఉంటే మెల్లగా తట్టింది. ఈ పిల్ల కూర్చుని ఉంది! అరగంటైంది, ముప్పావు గంటైంది, కూర్చునే ఉంది. ఆకు మీద ఆకు పేర్చడం, పెదవుల్లో లెక్కపెట్టుకోవడం, నారతో చుట్టి ముడి వేయడం. కట్ట కాగానే లేచి, వాకిలంతా దాటి, దడి దగ్గర ఉన్న గంపలో పెట్టి వచ్చి మళ్లీ కూర్చోవడం. ముప్పై అడుగులు పోను, ముప్పై అడుగులు రాను. అవ్వ తన కట్టలు మాత్రం తన పక్కనే పెట్టుకుంటోంది.

ఎర్రటి ఎండ. చిన్నపిల్లని అన్నిసార్లు ఎండలో తిప్పడం దేనికి, ముసలామెకు తోచలేదేమో అనిపించింది. అవ్వ లోపలికి వెళ్లినప్పుడు నేనే లేచి, మేలు చేద్దామని, ఆ గంపను ఈడ్చుకొచ్చి మణి పక్కన పెట్టాను. "ఇక తిరగక్కర్లేదులే" అన్నాను కూడా.

మణి ఒక కట్ట కట్టి గంపలో వేసింది. రెండోది వేసింది. మూడో కట్ట మధ్యలో కాళ్లు ఆడించడం మొదలుపెట్టింది. నాలుగో కట్టకు ఇరవై ఆకులైనా పేర్చిందో లేదో, ఒళ్లోంచి ఆకులు జారవిడిచి, కోడిపెట్ట ఏదో అరిస్తే దాని వెనకాల వెళ్లిపోయింది. పావుగంటైనా రాలేదు.

అవ్వ బయటికొచ్చింది. ఖాళీ పీట చూసింది, గంప చూసింది.

"గంప ఎవలు జరిపిండ్రు?"

ఆదెమ్మ గడ్డంతో నా వైపు చూపించింది. అలాంటి మనిషి ఆదెమ్మ.

"మేడం, గంప ఆడ పెట్టింది నేనే. తెల్వక పెట్టిననుకున్నవా?" అవ్వ గంపను ఈడ్చుకుంటూ మళ్లీ దడి దగ్గరికి పోయింది. "చిన్నప్పటి సంది గంతే. దాని కాళ్లు ఊకె అడుగుతయ్. అడగంగనే ఇడిస్తే గటే పోతది, మల్ల రాదు. కట్ట అయినంక ఇడిస్తే గంప కాడికి పోయి మల్లొస్తది. చేతిల కట్ట ఉండాలె, ఆడ గంప ఉండాలె. గంతే."

నేను ఇరవై ఏళ్లు చదివిన చదువు, తీసుకున్న ట్రైనింగులు అన్నీ ఆ దడి దగ్గర కూలబడ్డాయి. నేను మూడేళ్లుగా చేసిందేమిటి? కాళ్లు అడగ్గానే విడిచాను. చేతిలో కట్ట లేకుండా పంపాను. ఎప్పుడు తిరిగొస్తుందా అని ఒక్కరోజు కూడా చూడలేదు. రాకపోతే బాగుండనే అనుకున్నాను.

"అవ్వా, ఒక్క ఏడు ఇవ్వు" అన్నాను.

"ఏం జేస్తవ్?"

"గంప దూరంగా పెడతా."

అవ్వ బోసినోటితో పకపకా నవ్వింది. "సరే తీ. పదోది పాసైతే దాని ఇష్టం. కాకుంటే ముఠాతోని పోవుడే. మల్ల నాకాడికి రావద్దు నువ్వు."

అప్పటికి మణి తిరిగొచ్చింది. వస్తావా అని అడిగాను. "మోటారు ఎవలు ఏస్తరు మేడం?" అంది.

"నేను."

"మీరా!" అని ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగేళ్లలో నాకు జరిగిన అవమానాల్లో అదే పెద్దది, అదే తియ్యనిది.

జాతర

ఆ నవ్వు వృథా పోలేదు. మోటారు గొంతు మారడం నాకు ఒక్కరోజు కూడా వినపడలేదు. మూడో రోజే ట్యాంకు పొంగి, ఆరేసిన యూనిఫారాలన్నీ తడిసి, మర్నాడు నూట అరవై మంది తడి బట్టలతో ప్రార్థనకు నిలబడ్డారు. స్టడీ అవర్‌లో మణి మోటారు గది వైపు చూస్తూ కాళ్లు తొక్కుకుంటోంది. "మేడం, ఒక్కపాలి పోయొస్త" అని బతిమాలింది. "కట్ట అయిందా?" అన్నాను. కాలేదు. కూర్చుంది.

కట్ట అంటే ఒక ప్రశ్న, ఒక కాగితం. రాసేదాకా లేవకూడదు. రాశాక ఆ కాగితం పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, గంపలో వేసి, ఎగిరిపోకుండా రాయి పెట్టి రావాలి. మొదట్లో సగం పేజీయే కట్ట. దసరా సెలవులకు ముందు పేజీ అయింది. లెక్కల సారు తానే వచ్చి రోజూ గంపలో కాగితాలు దిద్దేవాడు. మా మధ్య మళ్లీ మాటలు కలిశాయి. హిందీకి మాత్రం గంప కూడా పనిచేయలేదు. ఆ కాగితం రాయకుండానే కొన్నిసార్లు కన్నీళ్లు పెట్టుకునేది. నేనూ తిట్టేదాన్ని, తిట్టి బాధపడేదాన్ని. అన్ని రోజులూ బాగా జరిగాయని రాస్తే అబద్ధం అవుతుంది.

మణిని చూసి ఇంకో పదిమంది కదిలే పిల్లలు మాకూ గంప కావాలన్నారు. సరేనన్నాను. సరిగ్గా అలాంటి ఒక సాయంత్రం మా డివిజన్ ఆఫీసరు గారి జీపు వచ్చింది. పిల్లలు కాగితాలు పట్టుకుని వరండాలో ఎదురెదురుగా నడుస్తున్నారు, గంపల దగ్గర రాళ్లు పెడుతున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"స్టడీ అవరా మేడం ఇది, జాతరా? ఆ రోజు నేను చూసిన క్రమశిక్షణ ఎటు పోయింది?"

ఇక దాచలేదు. "ఆ రోజుది కోతుల కోసం సార్" అని మొత్తం చెప్పేశాను. గంట, గుడ్లు, చెప్పులు చేత్తో పట్టుకోవడం, అన్నీ. ఆ ఆలోచన ఎవరిదో కూడా చెప్పాను. ఆయన వెళ్లి గంపలోంచి ఒక కాగితం తీసి చదివారు.

"రాత బాగాలేదు" అన్నారు.

"అవున్సార్."

"లెక్క కరెక్టే." కాగితం మళ్లీ రాయి కింద పెట్టారు. "ఫలితాలొచ్చినంక మాట్లాడదాం."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆ పిల్ల పాసవ్వకపోతే అవ్వ ముందు, ఆఫీసరు ముందు నా పరువు పోతుందని కాదు. ఆ పిల్ల మూడేళ్లు నా పనులు చేసి పెట్టి, చివరికి మిరప తోటలో తేలుతుందే అని.

హాల్లో గంప ఎక్కడ?

పరీక్షలకు వారం ముందు మణి అడిగింది. "పరీక్ష హాల్ల గంప ఎక్కడ పెడతరు మేడం?"

"ఉండదమ్మా. మూడు గంటలు కూర్చోవాలి."

ఎప్పుడూ నవ్వే పిల్ల ఆ పూట నవ్వలేదు.

మొదటి పరీక్ష రోజు మండల కేంద్రంలో సెంటరు గేటు బయట నిలబడ్డాను. అరగంట దాటింది. లేచి వచ్చేస్తుందేమోనని గేటు వైపే చూస్తున్నాను. గంట దాటింది. రాలేదు. మూడు గంటలూ అయ్యాక అందరితో పాటు బయటికొచ్చి, "రాసిన మేడం" అని చెరుకురసం బండి దగ్గరికి పరిగెత్తింది. వెనకాలే ఒక చిన్న వయసు టీచరమ్మ వచ్చింది. ఆ గదిలో ఇన్విజిలేటరట.

"ఆ పిల్ల మీ పిల్లేనా మేడం? పెన్ను కదలడం ఎంత, లేవడం ఎంత! ఒక్కో జవాబుకు ఒక్కో అడిషనల్ షీటు తీసుకుంటోంది. పేజీ నిండకముందే కొత్తది. చెయ్యెత్తమ్మా, నేనే తెచ్చిస్తా అంటే వినదు. ముందు బల్ల దాకా తనే నడిచొచ్చి తీసుకుని పోతది. రేపట్నుంచి ఆమె బెంచీ మీదే పది షీట్లు పెట్టేస్తా, ఈ తిరుగుడు ఉండదు."

ఇప్పుడు జవాబు పుస్తకాలే ఇస్తున్నారని విన్నాను. అప్పట్లో కాగితం కావాలంటే అడిగి తీసుకుని, చివర్లో దారంతో కట్టేవాళ్లు. ఆ పిల్ల ఎవరూ చెప్పకుండా హాల్లో తన గంపను తనే వెతుక్కుంది. నేను రెండు చేతులూ పట్టుకున్నాను ఆ టీచరమ్మవి.

"అమ్మా, మీ పుణ్యముంటుంది. దగ్గర పెట్టకండి. ఎక్కడున్నవి అక్కడే ఉంచండి. నడవనివ్వండి."

ఆమె నన్ను వింతగా చూసింది. గంప సంగతి చెప్పాను. విని, "లేచి కాగితం తీసుకోవద్దని నియమమేం లేదులెండి" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కానీ మేడం, ఆమె దారం కట్టింది చూశారా? నేను విప్పలేకపోయాను. ఆ ముడి ఎక్కడ నేర్చుకుంది?"

ఆ పేపర్లు దిద్దినవాళ్లు తునికాకు ముడి విప్పలేక నన్ను ఎంత తిట్టుకున్నారో.

మణి పాసైంది. లెక్కల్లో బడికే మొదటి మార్కులు, హిందీలో గట్టెక్కడానికి ఎన్ని కావాలో అన్ని. ఆదెమ్మ ఫోనులో అవ్వకు చెప్పాను. "గంప ఎంత దూరం పెట్టినవ్ మేడం?" అంది. మా ఆఫీసరు గారికీ ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, కోతులు మళ్లీ వస్తున్నాయా అని.

ఈ కాగితాలు ఎలా రాశానంటే

రిటైరై ఖమ్మంలో కూర్చున్నాక, ఆ కొత్తమ్మాయి కోసం ఇదంతా రాద్దామని నాలుగు నెలలుగా మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను. కూర్చోగానే పాలు గుర్తొస్తాయి, పక్కింటావిడ గుర్తొస్తుంది. మొన్న ఆదివారం మణి వచ్చింది. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండో ఏడు. మోటారు నేర్చుకోవడం తప్పు కాదు, స్టడీ అవర్‌లో నేర్పడం నా తప్పు అని నేను ఎన్నాళ్ల నుంచో ఆమెతో చెప్పాలనుకుంటున్నాను. చెప్పేశాను.

"నిన్ను మోటారు దగ్గరికి పంపింది నువ్వు తెలివైనదానివని కాదే. నువ్వు లేకపోతే నాకు ప్రశాంతంగా ఉండేదని."

"నాకు తెల్సు మేడం."

"తెలిసీ ఎందుకు పోయేదానివి?"

"ఆడ నన్ను ఎవలు కూసో అనకపోదురు." కొంగు చివర ముడి వేస్తూ మళ్లీ అంది. "గని మీరందరు నవ్వేది ఆడికి ఇనబడేది మేడం. ఏదో పొడుపుకథ ఏసి నవ్వుతరు గద, గప్పుడు. నాకు గూడ లోపలికి రావాల్ననిపించేది. మోటారు బంద్ చేసినంక గూడ ఆడనే నిలబడేదాన్ని, మీరు పిలుస్తరేమోనని."

ఇన్నేళ్ల ఉద్యోగంలో రోజూ తలలు లెక్కపెట్టాను. ఆ గంటలో మాత్రం ఒక తల తక్కువున్నా ఒక్కరోజూ వెతకలేదు. నా ఏడుపు చూసి ఆమే కంగారుపడి, "గిదేంది మేడం, ఊకోండి" అని కొంగుతో నా మొహం తుడిచింది. తర్వాత బల్ల మీద నా ఒక్క పేజీ చూసి, విషయం కనుక్కుని, వంటింట్లోంచి కూరగాయల గంప తెచ్చి, గేటు దగ్గర గోడ పక్కన పెట్టింది.

"నాకు మోకాళ్ల నొప్పులే!" అన్నాను.

"మంచిదే మేడం, నడిస్తె తగ్గుతయ్. కట్ట అయినంకనే లేవాలె."

ప్రతి ఆదివారం వచ్చి గంప చూస్తానంది. ఇవాళ ఆదివారం. ఇది ఆఖరి కాగితం. గేటు దగ్గర ఒకతె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి నా వైపే చూస్తోంది, ఇక లేవాలి.